ఇరుగుపొరుగు శబ్ద కాలుష్యం: నిబంధనలు, స్థానిక యంత్రాంగం బాధ్యతలు

వివాహాలు, జాతరలు, ఊరేగింపులు మన సామాజిక జీవనంలో భాగం. అయితే ఒక వీధిలోని వేడుక పక్క వీధిలోని రోగికి, పరీక్షలకు చదువుకునే విద్యార్థికి, వేకువనే పనికి వెళ్లవలసిన కార్మికునికి నిద్రలేని రాత్రి కారాదు. ఈ ఉద్దేశంతోనే కేంద్ర ప్రభుత్వం పర్యావరణ (పరిరక్షణ) చట్టం, 1986 క్రింద శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ, నియంత్రణ) నిబంధనలను 2000 ఫిబ్రవరి 14న జారీ చేసింది.

ఉదయం 6 నుంచి రాత్రి 10 గంటల వరకు పగలుగాను, మిగిలిన సమయాన్ని రాత్రిగాను పరిగణిస్తారు. ధ్వని పరిమితి పారిశ్రామిక ప్రాంతాల్లో పగలు 75, రాత్రి 70 డెసిబెల్స్; వాణిజ్య ప్రాంతాల్లో 65, 55; నివాస ప్రాంతాల్లో 55, 45; నిశ్శబ్ద మండలాల్లో 50, 40 డెసిబెల్స్‌గా నిర్ణయించారు. 10 డెసిబెల్స్ పెరిగితే ధ్వని తీవ్రత 10 రెట్లు అవుతుంది. కనుక అంకెల్లో స్వల్పంగా కనిపించే ఉల్లంఘనను ఉపేక్షించరాదు.

లౌడ్‌స్పీకర్ వినియోగానికి అధీకృత అధికారి లిఖితపూర్వక అనుమతి తప్పనిసరి. అనుమతి వున్నంత మాత్రాన ధ్వని పరిమితి తొలగిపోదు. బహిరంగ స్థలం సరిహద్దు వద్ద ధ్వని ఆ ప్రాంత పరిమితికంటే 10 డెసిబెల్స్ ఎక్కువ లేక 75 డెసిబెల్స్, ఈ రెండింటిలో ఏది తక్కువైతే దానిని మించరాదు. రాత్రివేళ మూసివున్న సభామందిరాల్లో లోపలివారి కోసం, అత్యవసర పరిస్థితుల్లో ప్రజల కోసం మినహా లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. పండుగలు, సాంస్కృతిక సందర్భాల్లో అర్ధరాత్రి 12 గంటల వరకు, ఏడాదికి 15 రోజులకు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం సడలింపు ఇవ్వవచ్చు. ఈ సడలింపు అధికారాన్ని సుప్రీంకోర్టు 2005 అక్టోబరు 28న సమర్థించింది.

జిల్లా మేజిస్ట్రేట్, పోలీసు కమిషనర్, డి.ఎస్.పి. హోదాకు తగ్గని అధికారులను ప్రభుత్వం అధీకృత అధికారులుగా నియమించవచ్చు. ధ్వని పరిమితిని 10 డెసిబెల్స్ లేదా అంతకు మించి అతిక్రమించినప్పుడు పౌరులు వీరికి ఫిర్యాదు చేయవచ్చు. 2010 సవరణ ప్రకారం రాత్రి ఆంక్షల ఉల్లంఘనపైనా ఫిర్యాదు చేయవచ్చు. అందుకు ధ్వని స్థాయిని చూపవలసిన అవసరం లేదు. నివాస ప్రాంతాల్లో రాత్రివేళ హారన్లు, శబ్దం చేసే నిర్మాణ యంత్రాలు కూడా ఈ ఆంక్షల పరిధిలోకి వస్తాయి.

పురపాలక సంఘాలు, పట్టణాభివృద్ధి సంస్థలు ప్రణాళికల రూపకల్పనలోనే శబ్ద కాలుష్యాన్ని జీవన ప్రమాణంలో ఒక అంశంగా పరిగణించాలని నిబంధనలు నిర్దేశిస్తున్నాయి. కల్యాణ మండపానికి, వర్క్‌షాపుకు స్థలం నిర్ణయించే దశలో చూపే శ్రద్ధ తరువాతి ఫిర్యాదులను నివారిస్తుంది.

అధికారులు మరొక అంశాన్ని గమనించాలి. 2017 సవరణ అనంతరం రాష్ట్ర ప్రభుత్వం నోటిఫై చేస్తే తప్ప ఆసుపత్రి, పాఠశాల, న్యాయస్థానం పరిసరాలు నిశ్శబ్ద మండలం కావు. బోర్డు పెట్టినంత మాత్రాన చాలదు. నోటిఫికేషన్ లేనిచోట రోగికి ఆ ప్రత్యేక రక్షణ లభించదు.

2024 ఏప్రిల్ 1 నుంచి ఈ చట్టం క్రింద ఉల్లంఘనలకు జైలుశిక్షకు బదులు రూ.10 వేల నుంచి రూ.15 లక్షల వరకు జరిమానా విధించే విధానం అమలులోకి వచ్చింది. అయితే జరిమానాకంటే ముందు, అనుమతి పత్రంలోనే సమయాన్ని, ధ్వని పరిమితిని స్పష్టంగా పేర్కొనడం, ఫిర్యాదు అందిన రాత్రే స్పందించడం అవసరం. తెల్లవారిన తరువాత తీసుకునే చర్య ఆ రాత్రి కోల్పోయిన నిద్రను తిరిగి ఇవ్వలేదు.