తెర కదలనప్పుడు మొదట అడిగే ప్రశ్న

బ్యాంకులో గుమాస్తా "సిస్టం పనిచేయడం లేదండీ" అంటే వరుసలో నిలబడ్డ మనం ఉసూరుమంటూ ఇంటిముఖం పడతాం. ఆ మాట అన్నాక లోపల ఎవరు ఏం చేస్తారో మాకూ చాలాకాలం తెలియదు. మా దగ్గర పదో తరగతి చదివి, అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ కోర్సు నేర్చుకున్న కుర్రవాడొకడు ఇప్పుడు హైదరాబాదులో రాత్రి డ్యూటీ చేస్తూ ఒక విదేశీ బ్యాంకు కంప్యూటరును కనిపెట్టుకుని ఉంటాడు. మొన్న సెలవులకు వచ్చి మా తరగతి నల్లబల్ల మీదే ఆ పని వివరించాడు. పిల్లల చదువుకు చేయూతనిచ్చే దాతలకు ఆ చదువు తర్వాతి పని ఎలా ఉంటుందో తెలియాలని ఇక్కడ రాస్తున్నాం.

మెయిన్‌ఫ్రేమ్ అంటే ఒకేసారి వేలమందికి పనిచేసే పెద్ద కంప్యూటరు. దానితో మాట్లాడటానికి ఐబీఎం సంస్థ 1971లో 3270 రకం టెర్మినళ్లను తెచ్చింది. 1974లో వాటిని కలిపే ఎస్.ఎన్.ఎ. అనే నెట్‌వర్క్ పద్ధతిని ప్రకటించింది. మెయిన్‌ఫ్రేమ్‌లో ఈ కలిపే పనిని చూసే ప్రోగ్రాము పేరు వీటామ్. ఇప్పుడు ఆ పాత టెర్మినళ్లు అరుదు. మామూలు కంప్యూటరులో ఒక కిటికీ తెరిస్తే అదే టెర్మినల్‌గా నటిస్తుంది. వీటామ్ లెక్కలో మాత్రం దానికీ ఒక పేరుంటుంది.

ఒక గుమాస్తా ఫోన్ చేసి తెర కదలడం లేదంటే, ఆపరేటరు టైపు చేసే ఆజ్ఞ "డి నెట్,ఐడీ=" అన్నది. దాని పక్కన టెర్మినల్ పేరు, కామా, చివర "ఇ". డి అంటే డిస్‌ప్లే, చూపించు అని. ఇ పెడితే వివరాలు కూడా వస్తాయి. జవాబులో రెండు మాటలు పక్కపక్కన ఉంటాయి. ఒకటి స్టేటస్, అంటే ఇప్పుడున్న స్థితి. రెండోది డిజైర్డ్ స్టేట్, అంటే ఉండవలసిన స్థితి. మా భాషలో చెప్పాలంటే హాజరు పట్టీలో పేరు ఉండటం వేరు, పిల్లవాడు బెంచీ మీద ఉండటం వేరు. ఉండవలసిన స్థితి "యాక్టివ్" అయి, ఇప్పుడున్నది "ఇనాక్ట్" అయితే ఎక్కడో లోపం ఉన్నట్టు. రెండూ "ఇనాక్ట్" అయితే ఎవరో కావాలనే ఆపారు. అప్పుడు కారణం అడగకుండా మళ్లీ తెరవకూడదు.

"యాక్ట్/ఎస్" అని కనిపిస్తే టెర్మినల్ ఏదో ప్రోగ్రాముతో సంభాషణలో ఉందని అర్థం. ఆ ప్రోగ్రాము పేరు కింద కనిపిస్తుంది. తెర కదలకపోయినా స్థితి ఇలా ఉంటే తప్పు చాలాసార్లు నెట్‌వర్కుది కాదు, ఆ ప్రోగ్రాములో వెతకాలి. ఒక్క టెర్మినల్ కాక పక్కవన్నీ ఆగి ఉంటే, వాటికి పైనున్న కంట్రోలరు స్థితి చూడాలి. వీధి మొత్తం చీకటైతే ఇంట్లో బల్బు మార్చి లాభం లేదు కదా!

చూడటానికి డి అయితే, మార్చటానికి వి. అంటే వేరీ. "వి నెట్,యాక్ట్" తెరుస్తుంది, "వి నెట్,ఇనాక్ట్" మూస్తుంది. మామూలుగా మూయమంటే జరుగుతున్న సంభాషణ ముగిసేదాకా వీటామ్ ఆగుతుంది. చివర "ఐ" చేరిస్తే ఆగదు, మధ్యలోనే తెంచేస్తుంది.

మా కుర్రవాడు దెబ్బతిన్నది ఇక్కడే. ఒక రాత్రి ఫోన్లో హడావిడి పెడుతుంటే డి కొట్టకుండానే "ఐ"తో మూశాడు. పేరులో ఒక అంకె తప్పు. తెగింది వేరే కౌంటరు, అక్కడ ఒకామె డిపాజిట్ నమోదు చేస్తోంది. సగంలో ఆగిన లావాదేవీని వెనక్కి తీసే ఏర్పాటు సిక్స్ ప్రోగ్రాములో ఉంది కాబట్టి లెక్క చెడలేదు. కానీ ఆమె అంతా మళ్లీ మొదటినుంచి చేసింది, ఎదురుగా మనిషి నిలబడే ఉన్నాడు. "డి కొట్టి ఉంటే అక్కడ యాక్ట్/ఎస్ కనిపించేది సార్" అని చెబుతూ వాడు తలదించుకున్నాడు.

చూసే అనుమతి ఇచ్చి, మార్చే అనుమతి ఆపి ఉంచే వీలు ర్యాక్‌ఎఫ్ అనే భద్రతా ప్రోగ్రాములో ఉంది. ఈ ఏడు తన దగ్గర పని నేర్చుకోవడానికి చేరిన ఇద్దరికీ కొన్నాళ్లు అలాగే ఉంచమని అతనే పైవాళ్లను అడిగాడట.