‘ఇన్‌ఫ్లేమబుల్’ - మండునా, మండదా?

పెట్రోలు ట్యాంకరు వెనుక ఎర్రని అక్షరాలతో ‘హైలీ ఇన్‌ఫ్లేమబుల్’ అని వ్రాసి ఉండడం మనమందరం చూసినదే. అతి సులభంగా మంటనంటుకొనేది అని దాని అర్థం. అయితే ‘విజిబుల్’ అంటే కనిపించేది, ‘ఇన్‌విజిబుల్’ అంటే కనిపించనిది అని బడిలో నేర్చుకొన్నవానికి, ‘ఇన్‌ఫ్లేమబుల్’ అంటే మంటనంటుకోనిది అని తోచడంలో వింతేమున్నది? పైగా ‘ఇన్‌కంబస్టిబుల్’ అనే మాటకు నిజంగానే ‘మండనిది’ అని అర్థం!

ఈ చిక్కుకు మూలం లాటిన్ భాషలో ఉన్నది. అందులో ‘ఇన్’ అనే ఉపసర్గలు రెండు. ఒకటి లేమిని తెలిపేది. సంస్కృతంలోని ‘అ’, ‘అన్’లకు సోదరి. రెండవదానికి ‘లోనికి’ అని అర్థం. రూపం ఒకటే, పుట్టుక వేరు. ‘ఫ్లమ్మా’ అంటే జ్వాల, ‘ఇన్‌ఫ్లమ్మారే’ అంటే రగుల్చుట. ట్యాంకరు మీది మాట ఈ రెండవదాని సంతానం. వైద్యులు చెప్పే ‘ఇన్‌ఫ్లమేషన్’ కూడా అక్కడిదే. (గాయం ఎర్రబడి సలుపుతుంటే మనమూ ‘మంట’ అనే అంటాము కదా!) ఈ ‘ఫ్లమ్మా’కు, ప్రకాశించుట అనే అర్థం గల సంస్కృత ‘భ్రాజ్’ ధాతువుకు మూలం ఒకటేనని భాషాశాస్త్రజ్ఞుల మాట. ఆ లెక్కన మన కావ్యాలలోని ‘భ్రాజిల్లు’ ఈ ట్యాంకరు మాటకు దూరపు చుట్టం.

‘ఇన్’ లేని ‘ఫ్లేమబుల్’ 1813 నాటికే ఇంగ్లీషులో కనిపిస్తుంది గాని, చాలాకాలం దానిని పట్టించుకొన్నవారు లేరు. 1920వ దశకంలో అమెరికాలోని నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ ఈ పొట్టి మాటనే వాడవలసిందిగా ప్రచారం చేసింది. భాషాభిమానులకు అది అపభ్రంశంగా తోచి ఉండవచ్చును. మా దృష్టిలో అంతకంటె మంచి సంస్కరణ లేదు. మన దేశంలో మాత్రం 1952లో పార్లమెంటు చేసిన చట్టానికి ‘ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టాన్సెస్ యాక్ట్’ అనే పేరు పెట్టారు.

మాట వలన ప్రమాదం వస్తుందా అని సందేహించేవారు బెంజమిన్ లీ వోర్ఫ్ రచనలు చూడవలెను. ఆయన కెమికల్ ఇంజనీరు, భాషావేత్త కూడా. అగ్ని బీమా సంస్థలో పనిచేస్తూ ప్రమాదాల కారణాలు పరిశీలించాడు. నిండు పెట్రోలు డ్రమ్ముల వద్ద జాగ్రత్తగా మెలిగే మనుషులే ‘ఖాళీ’ డ్రమ్ముల వద్ద నిర్లక్ష్యంగా సిగరెట్టు కాలుస్తారు. నిజానికి మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన ఆవిరి. ఖాళీ అనుకొన్న డ్రమ్ములో ఉండేది అదే కనుక, దానితోనే ముప్పు ఎక్కువ.

ఇక ఎంత వేడికి అంటుకొంటుందో ఏ మాటా చెప్పదు. అది చెప్పేది ఫ్లాష్ పాయింటు. మన పెట్రోలియం నిబంధనలలో అది 23 డిగ్రీల సెంటిగ్రేడుకు లోపు ఉంటే ‘ఎ’ తరగతి, పెట్రోలు ఇందులోనిదే. 23 నుండి 65 లోపు ఉన్న కిరోసిన్, డీజిల్ ‘బి’ తరగతి. మన ఎండాకాలపు నీడలో సైతం 23 డిగ్రీలు దాటడం ఏమంత విశేషం కాదు.

ట్యాంకు ఫారంలోను, స్టోర్సులోను రంగు వెలిసిన బోర్డులు తిరిగి వ్రాయించేటప్పుడు ‘ఇన్’ తీసివేయించి, దాని క్రింద ‘త్వరగా మండును’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాయించడానికి అయ్యే ఖర్చు ఒక డబ్బా పెయింటు.