చెప్పడం వేరు, తెలిసిపోవడం వేరు

కొత్తవలసలో ‘ఎవరబ్బాయివి బావూ?’ అన్న ప్రశ్నకు జవాబివ్వకుండా ఓ టీ తాగి లేవడం కష్టం. జవాబిస్తే రెండోది సిద్ధంగా ఉంటుంది: ‘మరి పెళ్లెప్పుడేటి?’ ఇందులో చెడ్డ ఉద్దేశమేమీ లేదు, చిన్న ఊరు మనిషిని గుర్తుపట్టే తీరే అంత. అదే కుర్రాడు జంక్షన్లో రైలెక్కినా, పెందుర్తి మీదుగా బస్సెక్కినా, కాసేపటికి విశాఖలో దిగుతాడు. అక్కడ అతను ఎవరబ్బాయో ఎవరికీ పట్టదు. మగవాణ్ని ప్రేమించే మగవాడికి, ఆడపిల్లను ప్రేమించే ఆడపిల్లకు ఆ కాస్త దూరమే పెద్ద ఊరట. అక్కడ తెలిసిన సంగతి ఇక్కడికి చేరకుండా చూసుకోవడమే రోజువారీ పని.

బయటి ప్రపంచం దీన్ని ఒక్కసారిగా తేలిపోయే వ్యవహారంగా చూస్తుంది. దాచావా, చెప్పేశావా? 1978లో శాన్‌ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి సభ్యుడు హార్వీ మిల్క్ తనలాంటివాళ్లందరికీ ఒక పిలుపిచ్చాడు. ఇంట్లో చెప్పండి, చుట్టాలకు చెప్పండి, పనిచేసే చోట చెప్పండి అన్నాడు. 1988 నుంచి అమెరికాలో అక్టోబరు 11ను అందుకోసమే జరుపుకుంటున్నారు. ఆ పిలుపు వెనక తెలివైన లెక్క ఉంది: కళ్లెదుట తిరిగే మనిషి సంగతి తెలిశాక ద్వేషం అంత తేలిగ్గా నిలవదు. కానీ విన్నవాళ్లలో చాలామంది అప్పటికే ఇల్లు వదిలి ఆ నగరం చేరినవాళ్లు. కొత్తవలసలో ఉన్నవాడికి ఇల్లే ఆధారం. పొలంలో వాటా, నాన్న పూచీతో వచ్చిన అప్పు, చెల్లికి చూస్తున్న సంబంధం, అన్నీ ఒకే ముడిలో ఉంటాయి. ఒక పోగు లాగితే ఎన్ని ఊడతాయో అతనికి బాగా తెలుసు.

అసలు పూర్తిగా దాచేవాళ్లూ, అందరికీ చెప్పేవాళ్లూ అరుదు. హైదరాబాదు, సికిందరాబాదుల్లో హిజ్రాల మధ్య తిరిగి మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి రాసిన పుస్తకం 2005లో వచ్చింది. ప్యాంటూ చొక్కాతో తిరుగుతూ పెళ్లాం పిల్లలతో కాపురం చేసేవాళ్లు, చీర కట్టి బహిరంగంగా బతికేవాళ్లు ఒకరినొకరు తమవాళ్లుగానే ఎంచుకోవడం అందులో కనిపిస్తుంది. ఇంటికి తెలియనిది అక్కడ అందరికీ తెలుసు.

ఇక్కడ రెండు సంగతులు కలిపేస్తుంటాం. మనసు ఎవరి మీదికి పోతుందన్నది ఒకటి. తాను మగా, ఆడా అన్నది తనకు లోపల ఎలా తెలుస్తుందన్నది మరొకటి. మొదటిది మొహం మీద రాసి ఉండదు కాబట్టి దాచొచ్చు. రెండోది చాలామందిలో నడకలోనో గొంతులోనో బయటపడి, చిన్నప్పుడే బడిలో పేరు తెచ్చిపెడుతుంది.

ఈ రెండు రకాలవాళ్లూ రైలుపెట్టెలో ఎదురుపడతారు. హిజ్రాలు చప్పట్లు కొడుతూ వస్తారు. పది రూపాయలిచ్చేవాళ్లు ఇస్తారు, నిద్ర నటించేవాళ్లు నటిస్తారు. వాళ్లు పక్కపెట్టెలోకి వెళ్లగానే కాలేజీ కుర్రాళ్లలో ఒకడు ఆ గొంతు అనుకరిస్తాడు, గుంపంతా పగలబడి నవ్వుతుంది. ఆ గుంపులోనే దాచుకున్నవాడు ఒకడుంటే అందరికంటే గట్టిగా నవ్వాలి. లేకపోతే ‘ఏటిరా, నీకేటైంది?’ అంటారు. దాపరికానికి ఇలా రోజంతా చాకిరీ చెయ్యాలి. ప్రియుడి నంబరు ‘ఎలక్ట్రీషియన్’ అని సేవ్ చేసుకోవాలి. హీరోయిన్ గురించి రెండు మాటలు ఎప్పుడూ నోట్లో ఉంచుకోవాలి. వాట్సాప్ స్టేటస్ ఎవరెవరికి కనిపిస్తుందో పదేపదే చూసుకోవాలి. ఇలన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లో ఇలాంటివాళ్ల మానసిక ఒత్తిడిని వివరిస్తూ, వివక్షతో పాటు ఈ దాచుకోవడాన్నీ, ఎప్పుడేం జరుగుతుందోనన్న ఎదురుచూపునీ విడిగా లెక్కలోకి తీసుకున్నాడు. ఎవరూ ఏమీ అనకపోయినా మనిషి అరిగిపోతాడన్నమాట.

పైగా దాచిన సంగతి పసిగట్టినవాడికి అదో ఆదాయం. డేటింగ్ యాప్‌లో పరిచయం చేసుకుని, గదికి పిలిచి, వీడియో తీసి ‘మీ నాన్నకి పంపుతాం’ అని డబ్బు గుంజే ముఠాలను మన దేశంలో చాలా నగరాల్లో పోలీసులు పట్టుకున్నారు. ఇలా బెదిరించి డబ్బు లాగడం భారతీయ న్యాయ సంహిత 308వ సెక్షన్ కింద నేరం. అయినా బాధితుడు స్టేషన్ మెట్లెక్కడు. ఎక్కితే, ఎవరికీ తెలియకూడదనుకున్నదే ముందు రైటరుకు చెప్పాలి.

పేరున్నవాళ్లకూ ఇది తప్పలేదు. హైదరాబాదులో నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందిన ఒడిశా స్ప్రింటర్ ద్యుతీ చంద్, తాను ఒక అమ్మాయిని ప్రేమిస్తున్నానని 2019 మేలో ప్రకటించింది. ఇంట్లోవాళ్లే డబ్బు కోసం బెదిరించడంతో తానే ముందుగా చెప్పేయాల్సి వచ్చిందని తర్వాత వివరించింది. ధైర్యమే, సందేహం లేదు. ముహూర్తం మాత్రం ఆమె పెట్టుకున్నది కాదు.

చట్టం వైపు చూస్తే, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ ఇలాంటి సంబంధాలకు యావజ్జీవం దాకా శిక్ష పెట్టింది. పెద్దల మధ్య ఇష్టపూర్వక సంబంధాలకు అది చెల్లదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చింది. మర్నాటి పేపర్ల నిండా ఇంద్రధనుస్సు రంగులే. నా దృష్టిలో అంతకు ఏడాది ముందు, 2017 ఆగస్టు 24న వచ్చిన తీర్పు ఈ విషయంలో ఇంకా కీలకం. ఆధార్ గొడవలోంచి పుట్టిన పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. లైంగికత అందులో విడదీయలేని భాగమని కూడా ఆ తీర్పులో ఉంది. అంటే నీ సంగతి ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పకూడదో నీదే నిర్ణయం. పెళ్లి హక్కు మాత్రం దక్కలేదు. హైదరాబాదు జంట సుప్రియో చక్రవర్తి, అభయ్ దాంగ్ వేసిన కేసులో 2023 అక్టోబరు 17న కోర్టు అది చట్టసభల పని అని వదిలేసింది.

ఇవన్నీ ఢిల్లీ మాటలు అనుకునేవాళ్లు పక్కనున్న నర్సీపట్నం వైపు చూడాలి. విజయవాడలో ఇద్దరు యువతులు కలిసి ఉంటున్నారు. ఒకరి తండ్రి కూతురు కనిపించడం లేదని ఫిర్యాదు ఇచ్చాడు. మేజరైన ఆమెను పోలీసులు రెండు వారాలు సంరక్షణ గృహంలో ఉంచారు. తర్వాత ఆమె తిరిగి స్నేహితురాలి దగ్గరికి చేరితే, తండ్రి మళ్లీ తీసుకెళ్లి నర్సీపట్నంలోని ఇంట్లో నిర్బంధించాడని స్నేహితురాలు హైకోర్టులో హెబియస్ కార్పస్ వేసింది. 2024 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ అమ్మాయినే అడిగింది. తన భాగస్వామితోనే ఉంటానంది. వెళ్లనివ్వండి, జోక్యం చేసుకోకండి అని కోర్టు తల్లిదండ్రులకు చెప్పింది. తండ్రి మీద తాను ఇచ్చిన ఫిర్యాదును వెనక్కి తీసుకోవడానికి ఆమే ఒప్పుకుంది. వార్తల్లో వాళ్ల అసలు పేర్లు రాలేదు. న్యాయమూర్తుల ఎదుట చెప్పి, లోకానికి చెప్పకుండా ఉండగలిగారు.

అన్ని ఇళ్లలోనూ కోర్టు దాకా రాదు. ‘పెళ్లి చేసేస్తే సర్దుకుంటాడు’ అంటారు. నిశ్చింతగా అనేసే ఈ మాటకు ఏ పాపమూ ఎరగని ఇంకో ఇంటి ఆడపిల్ల బలవుతుంది. కొందరు డాక్టరు దగ్గరికి తీసుకెళతారు. స్వలింగ ప్రేమ జబ్బు కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దాన్ని జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ‘మారుస్తాం’ అనే వైద్యాన్ని 2022లో జాతీయ వైద్య కమిషన్ వృత్తిపరమైన తప్పిదంగా ప్రకటించింది.

మంచి ఉద్దేశంతో చేసిన ఏర్పాటు కూడా ఒక్కోసారి గుట్టు విప్పేస్తుంది. ట్రాన్స్‌జెండర్ గుర్తింపు పత్రానికి 2020 నుంచి ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు పెట్టొచ్చు. రాష్ట్రంలో వాళ్లకు నెలకు 4,000 రూపాయల పింఛనూ ఉంది. అయితే ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి దాన్ని ఇంటికే తెచ్చిస్తారు. మంచం దిగలేని ముసలమ్మకు అది వరం. అరుగుల మీద జనం చూస్తుండగా పాతికేళ్లవాడు ఆ డబ్బు అందుకుంటే, ఏ పద్దు కింద వచ్చిందో సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది.

ఎవరైనా మనల్ని నమ్మి ఈ సంగతి చెబితే, ‘నాకు ముందే అనుమానం’ అనడం కన్నా, ‘ఇంకా ఎవరెవరికి తెలుసు?’ అని అడగడం ఎక్కువ పనికొస్తుంది. వదినకు తెలిసి అమ్మకు తెలియకపోవచ్చు. ఆఫీసులో తెలిసి ఊళ్లో తెలియకపోవచ్చు. అప్ప పెళ్లయ్యాక చెబుదామని ఆగి ఉండొచ్చు. ఆ వరస తెలియకపోతే, మంచి మనసుతోనే ఓ పెళ్లి భోజనాల దగ్గర పక్క విస్తరివాళ్లతో మనమే నోరు జారతాం.