గిటారు పూతకు చిన్న గన్ను



మన సరిహద్దు ఊళ్లలో గిటారు కొత్త వస్తువేమీ కాదు. కోలారు బంగారు గనుల ప్రాంతంలో చర్చి పాటల బృందాల్లోనూ, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాల్లోనూ తెలుగువాళ్ల చేతుల్లో అది ఎప్పటినుంచో మోగుతూనే ఉంది. ఏళ్ల తరబడి వాయించిన గిటారుకు మోచేయి ఆనే చోట పూత అరుగుతుంది. బెల్టు బకిలు రాసుకునే వెనుక వైపు గీతలు పడతాయి. తలుపుకు తగిలిన అంచున పెచ్చు లేస్తుంది.

ఒకసారి మా బడిలో ప్రార్థనకు వాయించే కుర్రవాడి గిటారుకు అలాంటి పెచ్చే లేచింది. 2001లో గనులు మూతపడక ముందు, వాడి నాన్న జీతం డబ్బులతో కొన్న గిటారు అది. నేనే పెద్దరికం వేసుకుని కార్లకు రంగు వేసే షెడ్డుకు తీసుకెళ్లాను. రూపాయి బిళ్లంత మచ్చ కోసం పెద్ద గన్ను ఎత్తి గిటారు ముఖమంతా కొట్టేశారు. మచ్చ కనబడకుండా పోయింది. కానీ బ్రిడ్జి పక్కన పూత కారి బొట్లు కట్టింది, పలుచని చెక్క మీద మందపాటి పొర పడి మోత కూడా మూసుకుపోయినట్లయింది. కుర్రవాడు ఒక్క మాట అనలేదు. వద్దనకుండా పక్కనే నిలబడి చూసినవాణ్ణి నేనే కదా! ఈ పనికి ఎలాంటి గన్ను కావాలో అప్పటినుంచి నేర్చుకుంటూ వచ్చాను.

గన్ను కన్నా ముందు పూత ఏమిటో తెలియాలి. ల్యాకర్ అనే మాట మన లక్క నుంచే, లాక్ష అనే సంస్కృత పదం నుంచే పోర్చుగీసు వారి మీదుగా ఇంగ్లీషులోకి వెళ్లింది. అయితే గిటారు మీది ల్యాకర్‌లో లక్క ఉండదు. దూదిని ఆమ్లాలతో మార్చి చేసిన నైట్రో సెల్యులోజ్ అది. మన పెయింటర్లు ఎన్.సి. అంటారు. 1923లో అమెరికాలో జనరల్ మోటార్స్ వారి ఓక్లాండ్ కార్లకు డ్యూకో పేరుతో వేసిన రంగు ఈ జాతిదే. మన ఊళ్లలో 'డ్యూకో పెయింటింగు' అనే మాట ఇంకా బతికే ఉంది చూడండి. 1950లు, 60లలో ఫెండర్ కంపెనీ కార్ల రంగులనే గిటార్లకు వేసింది. గిబ్సన్, మార్టిన్ కంపెనీలు ఇప్పటికీ నైట్రో ల్యాకర్ వాడుతున్నాయి.

దీని గుణం ఏమిటంటే, కొత్త పూత పాత పూతను కొద్దిగా కరిగించి దానితో ఒక్కటైపోతుంది. అందుకే అతుకు కనబడకుండా సరిచేయడం సాధ్యం. చవక గిటార్లలో చాలావాటికి పాలియురెథేన్, పాలియెస్టర్ పూతలుంటాయి. అవి అలా కరగవు. ట్యూనింగు బిరడా బిళ్ల కింద, ఎవరికీ కనబడని చోట, దూది పుల్లతో ఒక్క చుక్క ల్యాకర్ థిన్నర్ అంటించి చూడండి. జిగురుగా మెత్తబడితే ఎన్.సి. లాంటి పూతే. చెక్కుచెదరకపోతే ఇక గన్ను ఆలోచన మానుకోండి. అలాంటి పెచ్చును తక్షణం అతుక్కునే జిగురు బొట్లతో నింపి అరగదీయడమే మేలు. గట్టిపరచే మందు కలిపే పాలియురెథేన్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులకు అవి చాలా ప్రమాదం, ఇంట్లో కొట్టే వస్తువు కాదది. కంపెనీ పూత చెక్కుచెదరని పాత, ఖరీదైన గిటారైతే అసలు ముట్టుకోవద్దు. మళ్లీ పూత వేస్తే దాని వెల పడిపోతుంది.

ఎన్.సి. అని తేలినా ప్రతి మచ్చకూ గన్ను అక్కరలేదు. గోరంత పెచ్చుకు సన్నని కుంచెతో రోజుకు రెండు మూడు బొట్లు పెట్టుకుంటూ పోతే చాలు. అరచేయంత అరుగుదల ఉన్నప్పుడు, అంచున ముదురు నుంచి లేతకు దిగే నీడ రంగు పోయినప్పుడు గన్ను కావాలి.

అంగడిలో మూడు రకాలు చూపిస్తారు. కార్లకు, బీరువాలకు వాడే పెద్ద గన్నుకు నాజిల్ 1.3 నుంచి 1.8 మిల్లీమీటర్లు ఉంటుంది. గిటారు మచ్చకు అది గునపంతో ముల్లు తీయడమే. రెండోది ఎయిర్ బ్రష్, నాజిల్ 0.2 నుంచి 0.5 దాకా. పెన్సిలు గీతలాగా కొట్టగలదు కాబట్టి నీడ రంగు కలపడానికి దాన్ని మించింది లేదు. కానీ అరచేయంత చోట దానితో పారదర్శకమైన పూత వేస్తే చారలు చారలుగా పడుతుంది. ఈ రెండింటికీ నడుమ ఉన్నది టచప్ గన్ను. నాజిల్ 0.8 మిల్లీమీటర్లు, పైన 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే గిన్నె ఉన్నది అడగండి. ఒకటే కొనగలిగితే నా ఓటు దీనికే. గిన్నె కింద వేలాడే రకం వద్దు. పైన ఉంటే నాలుగు చెంచాల ల్యాకర్ పోసినా చివరి చుక్క దాకా వస్తుంది. కింద ఉంటే గొట్టం మునిగేంత పోయాల్సిందే. విసురు వెడల్పు తిప్పే మర, ద్రవం తగ్గించే మర విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి. సూది, నాజిల్, గాలి టోపీ ఈ మూడూ విడిగా దొరుకుతాయో లేదో అడగండి. దొరకకపోతే సూది వంగిన నాడు గన్ను పారేయాల్సిందే.

కొనేముందు గిన్నెలో నీళ్లు పోయించి పాత పేపరు మీద కొట్టించండి. విసురు నిడుపుగా, రెండు కొనలూ సమానంగా రావాలి. అరటి పండులా ఒక పక్కకు వంగితే ఆ టోపీ పనికిరాదు.

మా ఊరి పెయింటరు ఒకాయన నాతో, "గన్నుకు కాదు సార్, గాలికి డబ్బు పెట్టండి," అన్నాడు. ఎయిర్ బ్రష్‌కు నిమిషానికి ఒక ఘనపుటడుగు గాలి కూడా పట్టదు. టచప్ గన్నుకు సుమారు మూడు నుంచి ఐదు, పెద్ద గన్నుకు పది, ఆపైన కావాలి. ఒక హార్స్ పవర్ కంప్రెసరు నిజంగా ఇచ్చేది మూడు, నాలుగు ఘనపుటడుగులే. పైన చీటీ మీద రాసేది పంపు మింగే గాలి, బయటికి వచ్చేది అంతకన్నా తక్కువ. పెద్ద గన్ను తగిలిస్తే గాలి సగంలోనే నీరసించి ల్యాకర్ గింజలు గింజలుగా, నారింజ తొక్కలా పడుతుంది. చిన్న గన్నుకైతే 24 లీటర్ల తొట్టి ఉన్న కంప్రెసరు కూడా సరిపోతుంది, మధ్య మధ్య ఆగితే చాలు. గన్ను దగ్గర 20 నుంచి 30 పౌండ్ల ఒత్తిడి పెట్టండి. ఆ ముల్లును ట్రిగ్గరు నొక్కి ఉంచి చూడాలి. వదిలి చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

గాలి గొట్టంలో చెమ్మను పట్టే వడపోత డబ్బా తప్పనిసరి. గంజాం, యానాం, చెన్నై వైపు వినే శ్రోతలకు ఇది మరీ ముఖ్యం. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడి గాలిలోని తేమ దాని మీద చేరుతుంది. అప్పుడు తెల్లగా పాలు విరిగినట్లు కనిపిస్తుంది. వర్షం రోజు మానేయడమే మంచిది, తప్పకపోతే నెమ్మదిగా ఆరే రిటార్డర్ కొద్దిగా కలపాలి. బళ్లారి ఎండల్లో కథ తిరగబడుతుంది. ల్యాకర్ చెక్కను చేరకముందే దారిలో ఆరి పొడిపొడిగా రాలుతుంది. అక్కడ తెల్లవారుజామున చేసుకోండి.

ల్యాకర్, థిన్నర్ సమపాళ్లలో కలిపి, పాత నైలాను మేజోడులో వడకట్టి పోయండి. గన్ను కడగడానికి అమ్మే చవక థిన్నర్ కలపడానికి పనికిరాదు. కారు పాలిష్ రాసిన గిటారైతే అందులోని సిలికాన్ వల్ల చేప కళ్లలా గుంటలు పడతాయి, ముందే బాగా తుడవాలి. ఆరంగుళాల దూరంలో, గన్ను కదలడం మొదలైన తర్వాతే ట్రిగ్గరు నొక్కండి. ఒక్కసారే తడిపేయకుండా గంట గంటకూ ఒక పలుచని పూత, రోజుకు మూడే.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. నైట్రో ల్యాకర్ ఆవిరి పెట్రోలు ఆవిరిలాగే భగ్గుమంటుంది. పూజ దీపం, పొయ్యి, అగరువత్తి, సిగరెట్టు దరిదాపుల్లో ఉండకూడదు. కంప్రెసరు మోటారులో నిప్పురవ్వ పుడుతుంది కాబట్టి దాన్ని దూరంగా గోడ అవతల పెట్టి పొడుగు గొట్టం వాడండి. మూతికి కట్టుకున్న చేతిరుమాలు ఆ ఆవిరిని ఆపదు. బొగ్గు డబ్బాలున్న మాస్కు కొనండి, గన్ను కొన్న రోజే కొనండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

మా కుర్రవాడి గిటారు మీది మందపాటి పొరను నీళ్ల కాగితంతో నాలుగు ఆదివారాలు అరగదీశాము. ఆ తర్వాత అరువు తెచ్చిన 0.8 గన్నుతో మూడు పలుచని పూతలు వేశాము. మూడు వారాలు గోడకు వేలాడదీసి, వాసన పూర్తిగా పోయాక 1500, ఆపైన 2000 నెంబరు కాగితంతో రుద్ది మెరుగు పెట్టాము. పెచ్చు లేచిన చోటు వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే ఇప్పటికీ నాకు తెలుస్తుంది. వాడికి మాత్రం తెలియడం లేదంటాడు.