రంధ్రాలు నడిపే రాయబారం

హాఫ్నియం ఆక్సైడు అయస్కాంత పదార్థం కాదు. అయినా దాని పలుచని పొరలలో అయస్కాంత గుణం కనిపించిందని 2004లో ప్రకటన వెలువడేసరికి భౌతిక శాస్త్రజ్ఞులు విస్తుపోయారు. మరుసటి సంవత్సరం ఐ.బి.ఎం. పరిశోధకులు అటువంటి పొరలను తామే తయారుచేసి పరీక్షించారు. శుభ్రమైన పొరలలో అయస్కాంతత్వపు జాడే లేదు. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టకారుతో పట్టుకున్న పొరలలో మాత్రం ఉంది! కంటికి ఆనని లోహపు మరక అంతటి భ్రమను కల్పించగలదని తేలింది.

ఇంతటి జాగరూకత దేనికి? కంప్యూటరులో లెక్కలు కట్టేవి సిలికాన్ వంటి అర్ధవాహకాలు. హార్డ్ డిస్కులో సమాచారాన్ని భద్రపరచేవి అయస్కాంతాలు. రెండు గుణాలూ ఒకే పదార్థంలో ఇమిడితే లెక్క కట్టిన చోటనే ఫలితమూ నిలుస్తుంది. విద్యుత్తు పోయినా చెరగదు.

అర్ధవాహకమైన యూరోపియం ఆక్సైడు అయస్కాంతమవుతుందని 1961లోనే తెలిసింది. అయితే అది సున్నాకు దిగువన 204 డిగ్రీల సెంటీగ్రేడు చలిలో మాత్రమే. 1996లో జపానులోని తొహోకు విశ్వవిద్యాలయంలో హిడియో ఓనో బృందం వేరొక మార్గం తొక్కింది. గాలియం ఆర్సెనైడు స్ఫటికంలో కొద్దిపాటి గాలియం పరమాణువుల స్థానంలో మాంగనీసును నిలిపింది.

మాంగనీసు పరమాణువు ఒక్కొక్కటీ ఒక చిట్టి అయస్కాంతమే. కాని ఎడమెడంగా ఉన్న అవన్నీ ఒకే దిక్కుకు ఎలా తిరిగాయి? స్ఫటిక బంధాలకు గాలియం మూడు ఎలక్ట్రానులు సమర్పిస్తే, మాంగనీసు రెండే సమర్పిస్తుంది. ఆ లోటునే ‘రంధ్రం’ అంటారు. అది ధనావేశం గల కణం వలె స్ఫటికంలో సంచరిస్తూ, ఎదురైన ప్రతి మాంగనీసునూ తన అయస్కాంత దిశకు ప్రతికూలంగా నిలబెడుతుంది. రాయబారి ఒక్కడే కావడంతో మాంగనీసులన్నీ ఏకముఖమవుతాయి.

ఇది కేవలం ఊహ కాదని 2000లో రుజువైంది. మాంగనీసు కలిసిన ఇండియం ఆర్సెనైడు పొరపై ఓనో బృందం విద్యుత్ క్షేత్రాన్ని ప్రయోగించింది. రంధ్రాలు తగ్గగానే అయస్కాంతత్వం అణగిపోయింది. పెరగగానే మళ్లీ మేల్కొంది. పట్టకారు మరక ఇలా ఆజ్ఞకు లోబడదు. రంధ్రాలు స్ఫటికంలో ఏ మార్గాన సంచరిస్తాయన్న వాదం తర్వాతా కొనసాగినా, రాయబారులు అవేనన్నది స్థిరపడింది.

మాంగనీసు కలిసిన గాలియం ఆర్సెనైడును ఎంత మెరుగుపరచినా, సున్నాకు దిగువన సుమారు 70 డిగ్రీలు దాటితే దాని అయస్కాంతత్వం నిలవడం లేదు. గది వేడిమికీ తట్టుకునే పదార్థాలు దొరికాయని ప్రకటనలు వచ్చాయి. వాటిలో అనేకం పునఃపరీక్షలో నిలవలేదు. అయస్కాంతత్వం కనిపించినంత మాత్రాన చాలదు. అది ఎక్కడ పుట్టిందో కూడా చూపగలిగిననాడే ఆ పదార్థం కంప్యూటరులో అడుగు పెట్టగలదు.