ఇసుకలో వెలసిన గంగానగరం

అలిపిరిలో మెట్లెక్కే ముందు కుళాయి తిప్పి రెండు గుక్కలు తాగుతాం కదా... తిరుపతి నీళ్ల వెనక పెద్ద కథే ఉంది. కండలేరు నుంచి ఊరికి వచ్చే తెలుగుగంగ నీళ్లు నిజానికి కృష్ణవి. శ్రీశైలంలో బయల్దేరి, సోమశిల దాటి వస్తాయి. పేరుకే గంగ! దేశానికి ఆ చివర, పాకిస్థాన్ సరిహద్దు పక్కన ఇలాంటిదే మరో గంగ ఉంది. గంగ్ కెనాల్. అందులో పారేది సట్లెజ్. ఆ కాలువ పుట్టించిన ఊరే రాజస్థాన్‌లోని శ్రీగంగానగర్. నీళ్లకు మొహం వాచిన సీమవాళ్లు ఒక్కసారైనా చూడాల్సిన ఊరు.

రాజస్థాన్ అనగానే ఒంటెలూ ఇసుక తిన్నెలూ ఊహించుకుని రైలు దిగుతామా, అవేం కనిపించవు. గీత గీసినట్టు వీధులు, బ్లాకుల వారీగా ఇళ్లు, మధ్యలో గోల్ బజార్. ప్యారిస్‌ని చూసి కట్టారని స్థానికులు గొప్పగా చెబుతారు. ప్యారిస్ మాటెలా ఉన్నా అడ్రసు కోసం తిరగాల్సిన పని మాత్రం ఉండదు! ఘజల్ గాయకుడు జగ్జీత్‌సింగ్ 1941లో పుట్టింది ఈ ఊళ్లోనే. హడావుడంతా ధాన్యం మండీలోనే. మధ్యాహ్నమైతే వీధుల్లో ట్రాక్టర్ల చప్పుడు తప్ప మరోటి వినిపించదు. మాటల్లో హిందీకన్నా పంజాబీ, బాగ్డీ ఎక్కువ. మేం వెళ్లింది జనవరిలో... ఎటు చూసినా పసుపు పచ్చని ఆవచేలు, బండ్ల మీద కిన్నో కమలాల గుట్టలు. జూన్‌లో ఇదే ఊరు 50 డిగ్రీల దగ్గర్లో ఉడికిపోతుంది.

వందేళ్ల కిందట ఇక్కడున్నది రామ్‌నగర్ అనే చిన్న పల్లె. 1899-1900లో ఎడారి ప్రాంతాన్ని భయంకరమైన కరవు కబళించింది. విక్రమ శకం 1956లో వచ్చింది కాబట్టి దాన్ని ‘ఛప్పనియా’ అంటారు. అప్పటికి బికనేర్ మహారాజా గంగాసింగ్‌కి పంతొమ్మిదేళ్లు. సట్లెజ్ నీళ్లు తేవాలని ఆయన పట్టుబట్టాడు. పంజాబ్, బహావల్‌పూర్‌లతో 1920లో ఒప్పందం కుదిరింది. 1925లో ఫిరోజ్‌పూర్‌లో శంకుస్థాపన, 1927 అక్టోబరు 26న వైస్రాయ్ ఇర్విన్ చేతుల మీదుగా ప్రారంభం. నీళ్లు ఇసుకలో ఇంకిపోకుండా సుమారు 129 కిలోమీటర్ల మేర కాలువకు కాంక్రీటు లైనింగ్ చేశారు. తర్వాత పంజాబ్ రైతులు వచ్చి భూములు కొనుక్కున్నారు. ఊరికి రాజు పేరు స్థిరపడింది.

పల్లెల పేర్లు వింటే నవ్వొస్తుంది. ‘3 ఈ ఛోటీ’, ‘4 ఎంఎల్’... ఊరి పేర్లా, బస్సు నంబర్లా అనిపిస్తుంది. ఏ పిల్లకాలువ కింద ఏ ముక్క అన్నదే ఊరి పేరన్నమాట! భూమినీ చదరంగం గళ్లలా కోశారు. 25 బీఘాలు ఒక మురబ్బా. మన లెక్కలో పదిహేను ఎకరాల పైచిలుకు.

గంట కొట్టినట్టు నీళ్లు

అసలు చూడాల్సింది ‘వారాబందీ’. వారంలో 168 గంటలు. వాటిని ఒక తూము కింది రైతులందరికీ భూమిని బట్టి పంచేస్తారు. ఫలానా రోజు, ఫలానా గంట, ఫలానా నిమిషం దాకా నీ వంతు. ఆ తర్వాత పక్కవాడిది. అర్ధరాత్రి రెండింటికి వంతొస్తే అప్పుడే లేవాలి. ఒకరికే ఎప్పుడూ రాత్రి వంతు పడకుండా ఏడాదికోసారి మారుస్తారు. మన చెరువుల కింద నీరుగంటి చేసిన పనిని ఇక్కడ గడియారం చేస్తోంది. అయితే వంతు రాసిపెట్టినంత మాత్రాన నీళ్లు రావు. పైన పంజాబ్‌లో నీటి విడుదల తగ్గితే ఇక్కడ ఆ గంట ఉత్తదే. చివరి భూముల గోడు మనకు కొత్తేం కాదు. హంద్రీ-నీవాలో కృష్ణ నీళ్లు కుప్పం చేరడానికి 2025 ఆగస్టు దాకా ఆగాల్సొచ్చింది.

వచ్చిన నీళ్లయినా శుభ్రంగా ఉంటాయా అంటే అదీ బెంగే. లూథియానా మురుగును మోసుకొచ్చే బుడ్డా నాలా సట్లెజ్‌లోనే కలుస్తుంది. నదుల్ని పాడుచేసినందుకు జాతీయ హరిత ట్రిబ్యునల్ 2018లో పంజాబ్‌కు 50 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అయినా కాలువ నల్లబడ్డప్పుడల్లా రోడ్డెక్కాల్సిన అవస్థ రైతులకు తప్పడం లేదు. తాగేదీ ఆ నీళ్లే మరి!

ఊరికి పాతిక కిలోమీటర్ల దూరంలో హిందూమల్‌కోట్. 1947కు ముందు బఠిండా నుంచి కరాచీ వైపు రైళ్లు ఈ స్టేషన్ మీదుగానే వెళ్లేవి. ఇప్పుడు ఆ దారి కంచె దగ్గర ఆగిపోతుంది. కొందరి పొలాలు కంచెకు అవతల, సరిహద్దు గీతకు ఇవతల పడ్డాయి. గేటు తీసిన వేళల్లోనే, గుర్తింపు కార్డు చూపించి, సరిహద్దు భద్రతాదళం కనుసన్నల్లో దుక్కి దున్నుకోవాలి. అంత ప్రశాంతంగా కనిపించే ఊరే 2025 మేలో రాత్రుళ్లు దీపాలార్పేసి చీకట్లో కూర్చుంది.

తిరిగొచ్చే రాత్రి పొగమంచులో ఓ కాలువ గట్టు మీద చలిమంట కనిపించింది. పక్కనే పార, దుప్పటి కప్పుకున్న ఇద్దరు రైతులు. ఒకాయన మాటిమాటికీ ఫోన్‌లో టైం చూసుకుంటున్నాడు. వంతుకింకా పావుగంట ఉందట.