జీవలిపికి లెక్కకట్టిన భౌతికవేత్త

టెలిఫోన్ తీగలో ఎంత గోల ఉన్నా సందేశం చెడకుండా అవతలికి చేరడమెలా? 1948లో క్లాడ్ షానన్ ప్రకటించిన సమాచార సిద్ధాంతం ఈ చిక్కుముడి విప్పింది. ఆ గణితమే జీవకణానికీ వర్తిస్తుందని దశాబ్దాలపాటు వాదించారు అమెరికన్ భౌతికవేత్త హ్యూబర్ట్ యాకీ.

1916లో మిన్నెసోటా రాష్ట్రంలో పుట్టిన యాకీ బర్కిలీలో డాక్టరేట్ చేశారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన్‌హటన్ ప్రాజెక్టులో పనిచేశారు. జీవశాస్త్రంలో సమాచార సిద్ధాంతంపై 1956లో గాట్లిన్‌బర్గ్‌లో జరిగిన సదస్సు పత్రాలకు సంపాదకుల్లో ఆయనొకరు.

ఇంతకీ కణంలో సందేశం ఎక్కడుంది?

డీఎన్‌ఏలో. దాని లిపికి నాలుగే అక్షరాలు. మూడేసి కలిపితే 64 మాటలవుతాయి. వాటిలో 61 మాటలు 20 అమైనో ఆమ్లాలను సూచిస్తాయి, మిగతా మూడూ ఆపమనే గుర్తులు. లూసిన్ అనే ఒక్క ఆమ్లానికే ఆరు మాటలున్నాయి. అందువల్ల ప్రొటీన్‌లో లూసిన్ కనిపించినా, అది ఆరింటిలో ఏ మాట నుంచి వచ్చిందో చెప్పలేం. డీఎన్‌ఏ నుంచి ప్రొటీన్‌కు సమాచారం వెళ్తుంది గానీ వెనక్కి రాదన్న నియమానికి మూలం ఈ లెక్కలోనే ఉందని యాకీ వివరించారు.

శ్వాసక్రియకు అవసరమైన సైటోక్రోమ్-సి ప్రొటీన్‌లో ఒక్కో స్థానంలో ఏయే ఆమ్లాలు ఇమడగలవో చూసి, అందులోని సమాచారాన్ని 1977లో అంచనా కట్టారు. జీవం ఆదిమ రసాయనాల ద్రవంలో తనంతట తాను పుట్టిందన్న వాదాన్ని ఆయన ఒప్పుకోలేదు. అలాగని పరిణామ సిద్ధాంతాన్నీ వదల్లేదు, డార్విన్‌నే సమర్థించారు.

ఆయన పరిశోధన సారమంతా 1992లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణాలయం ప్రచురించిన గ్రంథంలో ఉంది. యాకీ 2016లో కన్నుమూశారు.